వానలు మొదలయ్యాక తేనెటీగలు పెట్టె వదిలిపోతున్నాయి, ఏం చేయాలి?

ప్రశ్న: మా మామిడి తోటలో ఐదు తేనెటీగల పెట్టెలు పెట్టాను. పుట్టతేనె రకం. పోయిన పూతకు పెట్టెల నిండా ఈగలున్నాయి. ఎండాకాలంలో తేనె కూడా తీశాం. వానలు మొదలయ్యాక మూడు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి ఖాళీ అయ్యాయి. చచ్చిన ఈగలు కనబడలేదు. తుట్టెల్లో తెల్ల పురుగులున్నాయి. ఏ మందు వాడాలి?
– ఒక రైతు, బంగారుపాళ్యం మండలం, చిత్తూరు జిల్లా

జవాబు: మందు అక్కర్లేదండి. మీ ఈగలు ఆకలికి వెళ్లిపోయాయి. పురుగుమందు తగిలి ఉంటే పెట్టె ముందు చచ్చిన ఈగలు కుప్పపడేవి. గుంపు రెండుగా విడిపోయి ఉంటే పాత రాణి వెంట కొన్ని వెళ్లి, మిగతావి కొత్త రాణితో పెట్టెలోనే ఉండేవి. మీకు ఒక్కటీ మిగల్లేదు. ఆ తెల్ల పురుగులు మైనపు పురుగులు. ఈగలు పలచబడి తుట్టెను కప్పలేనప్పుడే అవి బలపడతాయి.

మన జిల్లాలో తేనెటీగల ఏడాదిని పూతలను బట్టి లెక్కపెట్టుకోవాలి. కంది, ఉలవ పూతతో నవంబరు నుంచి కోలుకుంటాయి. డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా మామిడి. తర్వాత వేప, నేరేడు, కనుగ. మే, జూన్‌లో చింత. అది రాలాక అక్టోబరు దాకా చెప్పుకోదగ్గ మేత ఉండదు. మనకు పైరు పచ్చగా కనబడే రోజులే వాటికి కరువు రోజులు.

రాణి ఎప్పుడూ ఒకే తీరున గుడ్లు పెట్టదు. బయటి నుంచి మకరందం, పుప్పొడి తగ్గితే కూలి ఈగలు రాణికి మేత తగ్గిస్తాయి, గుడ్లూ తగ్గుతాయి. పని ముమ్మరంగా ఉన్నప్పుడు కూలి ఈగ ఆయుష్షు ఆరు వారాలే. నెలన్నర పాటు కొత్తవి పుట్టకపోతే పెట్టె ఏమవుతుందో మీరే చూశారు. పైగా పుట్టతేనెటీగ శేషాచలం అడవుల్లో చెట్టు తొర్రల్లోనూ బతికే జాతి. పెట్టెలో పెట్టినా ఆ స్వభావం పోదు. ఉన్న పిల్లలు గదుల్లోంచి బయటికి వచ్చేదాకా ఆగి, మిగిలిన తేనె కడుపులో నింపుకుని అన్నీ కలిసి లేచిపోతాయి. దానికి ముందు పుప్పొడి తేవడం మానేస్తాయి. రోజూ ఉదయం వాకిలి దగ్గర కాసేపు నిలబడండి. ఈగలు కాళ్లకు పసుపు ముద్దలతో వస్తున్నాయంటే లోపల పిల్లలున్నట్టే.

ఎండాకాలంలో తేనె తీశామన్నారు. పెట్టెలో పై అరలోది మాత్రమే తీయాలి. కింద పిల్లలుండే అరలో, తుట్టెల పై అంచున ఉండే తేనె వాటి తిండిగింజలు. దాన్ని ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

జులై నుంచి పెట్టెకు వారానికి 200 గ్రాముల పంచదారను అంతే నీళ్లలో కరిగించి, చల్లార్చి, పొద్దుగూకాక లోపల పెట్టండి. ఈగలు మునగకుండా గిన్నెలో పుల్లలు వేయండి. పగటిపూట పెట్టినా, బయట ఒలికినా పక్క పెట్టెల ఈగలు దోపిడీకి వస్తాయి. ఈగలు కప్పని తుట్టెలు తీసేయండి, అడుగు పలకను వారానికోసారి తుడవండి, స్టాండు కాళ్ల కింద నీళ్ల గిన్నెలుంచితే చీమలు ఎక్కవు. గట్ల మీద మునగ, కొబ్బరి ఉంటే కొట్టకండి. ఆ కరువు రోజుల్లో అవే ఆసరా.

పిల్లపురుగులు గదుల్లోనే చచ్చి నీటిసంచిలా ఊడి వస్తే మాత్రం సంగతి వేరు. అది థాయ్ సాక్‌బ్రూడ్ వైరస్. 1991–92లో దక్షిణాదిలో ఈ జాతి పెట్టెలను తుడిచిపెట్టింది. అలాంటి తుట్టెలను మరో పెట్టెలోకి మార్చకండి.

ఇప్పుడు మీ దగ్గరున్న రెండు పెట్టెలకూ మామిడి పూతే బలం. తేనెమంచు పురుగుకు మందు పూలు విచ్చకముందే కొట్టేయండి. విచ్చాక కొట్టకండి. తప్పనిసరైతే సాయంత్రం ఈగలన్నీ గూటికి చేరాకే. పూత బాగుంటే ఫిబ్రవరి, మార్చిలో తుట్టెల కింది అంచున వేలాడే రాణి గదులు, అంటే కొత్త రాణులు పెరిగే గదులు, కట్టడం మొదలుపెడతాయి. అప్పుడు ఈగలు, గుడ్లు ఉన్న సగం చట్రాలను (తుట్టెలు కట్టిన చెక్క ఫ్రేములను) ఒక రాణి గదితో సహా ఖాళీ పెట్టెలోకి మార్చి, కాస్త దూరంగా ఉంచండి. పాత పెట్టెలో పాత రాణి ఉందో లేదో చూసుకుని, మిగిలిన రాణి గదులు తీసేయండి. కొత్త పెట్టెకు మొదటి రెండు వారాలూ పంచదార నీళ్లు ఇవ్వాలి.