టెక్సస్‌లో రాత్రిపూట ఇంట్లో మనిషి నీడ కనిపిస్తే, ఎవరో తెలియకముందే కాల్చవచ్చా?

మీ ప్రశ్నలోని సంగతి ఇది: డల్లాస్ పక్కన సొంత ఇల్లు, ఈమధ్యే గ్రీన్ కార్డు వచ్చింది, మీ వీధిలో రెండిళ్ళలో బంగారం పోయింది. పిస్టల్ కొని మంచం పక్క సొరుగులో పెట్టుకుందామనుకుంటున్నారు. "చీకట్లో ఎవరో తేల్చుకునేలోపు ఆలస్యమైపోదా, ఎలాగూ ఇక్కడ చట్టం ఇంటివాడి వైపే కదా" అని అడిగారు.

ఎవరో తెలియకపోతే కాల్చకూడదండీ. తేల్చుకోవడానికి టైమ్ లేదనిపిస్తే, ఆ టైమ్ దొరికేలా ఇంటిని ముందే సర్దుకోవాలి. నేనూ టెక్సస్‌లోనే ఉంటాను, ఇంట్లో తుపాకీ ఉంది, క్లాసులకూ వెళ్ళాను. నాకు తెలిసింది చెప్తాను. లాయర్‌ని కాదు.

ముందు మా ఇంట్లో జరిగింది వినండి. ఓ చలికాలం మా అత్తగారు, మామగారు ఇండియా నుంచి వచ్చారు. వచ్చిన కొత్తలోనే ఓ అర్ధరాత్రి అలారం మోగింది. వెనక పేషియో తలుపు తెరుచుకుందని ప్యానెల్ చూపిస్తోంది. నేను పై అంతస్తులో మెట్ల దగ్గర గోడ చాటున నిలబడి "ఎవరది?" అని గట్టిగా అరిచాను. జవాబు లేదు. "మామయ్యగారూ, మీరేనా?" అన్నాను. అప్పుడూ లేదు. తొంగిచూస్తే కిచెన్ మధ్యలోని గట్టు (ఐలాండ్) పక్కన ఒక ఆకారం, తలా ముఖమూ కలిపి ఏదో నల్లగా కప్పుకుని ఉంది. కుడిచేతిలో ఏదో పట్టుకుని ఉన్నాడు. లివింగ్ రూమ్ పెద్ద లైటుకి పైన కూడా స్విచ్ ఉంది, వేశాను.

మామగారే. లుంగీ, స్వెట్టర్, మంకీ క్యాపు. చేతిలో ఉన్నవి చెప్పులు. జెట్‌లాగ్‌తో నిద్రపట్టక, మమ్మల్ని లేపడం ఎందుకని లైటు వేయకుండా, చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని పెరట్లోకి బయల్దేరారు. చెవి మిషన్ మంచం పక్కన డబ్బాలో ఉంది. సైరన్ మాత్రం ఆయనకీ వినపడినట్టుంది. నన్ను చూసి "ఇదేం గోల బాబూ, ఎక్కడన్నా అంటుకుందా?" అన్నారు.

మనం "అనుమానాస్పదం" అనుకునే లక్షణాలన్నీ ఆయనలో ఉన్నాయి చూడండి. అర్ధరాత్రి, ముఖం కప్పుకుని, చేతిలో వస్తువు, పిలిస్తే పలకడం లేదు. నా పిస్టల్ అప్పుడు సేఫ్‌లోనే ఉంది. చేతిలో ఉన్నా చేయాల్సింది అదే: చాటున ఉండి అరవడం, లైటు వేయడం. మన ఇళ్ళలో రాత్రిపూట తిరిగేవాళ్ళు ఎంతమందో మీరే లెక్కేసుకోండి. జెట్‌లాగ్‌లో ఉన్న పెద్దవాళ్ళు, నాలుగింటికే లేచి పూజకి సిద్ధమయ్యే అత్తగారు, చెప్పకుండా ఆస్టిన్ నుంచి డ్రైవ్ చేసుకుని వచ్చే కాలేజీ పిల్లాడు, స్నేహితుల దగ్గర నుంచి ఆలస్యంగా వచ్చి గరాజ్‌లోంచి దూరే హైస్కూల్ పిల్ల. దొంగ వస్తే వస్తాడు, లేకపోతే లేదు. వీళ్ళు మాత్రం ఖాయంగా తిరుగుతారు.

ఇక్కడ తుపాకీ కాల్చడం నేర్పే ఏ రేంజ్‌కి వెళ్ళినా నాలుగు నియమాలు చెప్తారు. జెఫ్ కూపర్ అనే మాజీ మెరైన్ అధికారి ప్రచారంలోకి తెచ్చినవి. ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే చూడాలి, నాశనం చేయదలచుకోనిదాని వైపు గొట్టం తిప్పకూడదు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీదకి రాకూడదు, నాలుగోది, గురి ఎవరో దాని వెనక ఏముందో తెలిసి ఉండాలి. మొదటి మూడూ రేంజ్‌లో గంటలో అలవాటవుతాయి. నాలుగోది అక్కడ అలవాటవదు, ఎందుకంటే అక్కడ వెలుతురుంటుంది, ఎదురుగా కాగితం ఉంటుంది, దాని వెనక మట్టిగట్టు ఉంటుంది.

అందుకే లో లైట్ క్లాసు, అంటే తక్కువ వెలుతురులో తుపాకీ వాడకం నేర్పేది, ఒకటి చేశాను. ప్లైవుడ్ గోడలతో గదులు కట్టి, లైట్లు తగ్గించి, నిజం మనుషుల ఫొటోలు నిలబెడతారు. మన చేతిలో లేజర్ శిక్షణ పిస్టల్. ఒక మూల తిరగగానే హుడీ వేసుకున్న కుర్రాడు, చేతిలో నల్లటి వస్తువు. మా బ్యాచ్‌లో చాలామంది కాల్చేశారు. అది ఫోను. నేను కాల్చలేదు కానీ అందులో నా గొప్పేం లేదు, నాకు ముందు వెళ్ళినాయన బయటికొచ్చినప్పుడు ముఖం చూసి ఏదో తిరకాసు ఉందని అర్థమైంది. శిక్షకుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "అతని చేతులు చూశావా?" ముందు చేతులు చూడాలి, తర్వాత ముఖం, తర్వాత అతని వెనక ఉన్నది. నీడలో ఇవేవీ కనిపించవు. కాబట్టి నీడ కనిపించడం మనిషి కనిపించినట్టు కాదు.

తుపాకీకి బిగించే లైటు గురించి యూట్యూబ్‌లో చాలా వీడియోలు ఉంటాయి. నా అభిప్రాయం: ఇంట్లో పిల్లలూ పెద్దలూ ఉన్నవాళ్ళకి ముందు కావాల్సింది చేత్తో పట్టుకునే టార్చి. తుపాకీకే లైటు ఉంటే, ఎవరో చూడాలన్నా గొట్టం వాళ్ళ వైపే తిరుగుతుంది. అంటే రెండో నియమం అక్కడే పోయింది. టార్చి విడిగా ఉంటే, తుపాకీ కిందకి పెట్టుకుని వెలుతురు ఒక్కటే పంపవచ్చు. ఐదారు వందల ల్యూమెన్ల (వెలుతురు కొలత) టార్చి సీలింగ్ మీదకి కొడితే తెల్ల గోడల గది మొత్తం కనపడుతుంది, మనిషి కళ్ళలోకి కొట్టనవసరం లేదు. పైగా ఇది మన ఇల్లు. స్విచ్ ఎక్కడుందో మనకి తెలుసు. సినిమాల్లోలాగా చీకట్లో నక్కుతూ వెళ్ళాల్సిన ఖర్మ ఏంటి?

ఇక చట్టం. టెక్సస్ పీనల్ కోడ్ (నేర చట్టం) సెక్షన్ 9.32 ఇంటివాడికి గట్టి రక్షణే ఇస్తుంది. కానీ ఆ రక్షణ, ఎదుటివాడు అక్రమంగా, బలవంతంగా లోపలికి చొరబడ్డాడని మీకు తెలిసినప్పుడు, లేదా అలా నమ్మడానికి కారణం ఉన్నప్పుడు వర్తిస్తుంది. "ఎవరో కదిలారు" అన్నది ఎంత కారణమో జ్యూరీ తేలుస్తుంది. అదే చట్టంలో సెక్షన్ 9.05 కూడా ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. దొంగ మీద కాల్చడం న్యాయమే అయినా, ప్రమాదం తెలిసీ లెక్కచేయకుండా కాల్చి ఏ పాపమూ తెలియని మూడో మనిషికి గాయమో చావో కలిగిస్తే, ఆ మూడో మనిషి కేసులో ఆత్మరక్షణ వాదన పనికిరాదు.

మీ డల్లాస్‌లోనే 2018 సెప్టెంబరులో ఏమైందో గుర్తుందా? డ్యూటీ దిగిన ఒక పోలీస్ ఆఫీసరు, తన అపార్ట్‌మెంట్ అనుకుని పై అంతస్తులోని ఇంట్లోకి వెళ్ళి, లోపలున్నవాణ్ణి దొంగ అనుకుని కాల్చేసింది. అతను తన ఇంట్లో తానున్నాడు. 2019లో జ్యూరీ హత్య అని తేల్చి పదేళ్ళు వేసింది. తుపాకీ శిక్షణే వృత్తిలో భాగమైన మనిషి సంగతి అది. 2023 ఏప్రిల్‌లో కాన్సస్ సిటీలో తమ్ముళ్ళని తీసుకురావడానికి వెళ్ళిన 16 ఏళ్ళ కుర్రాడు వీధి పేరు పొరపాటుపడి వేరే ఇంటి బెల్ కొడితే, 84 ఏళ్ళ ఇంటాయన అద్దం తలుపులోంచి కాల్చాడు. పిల్లాడు బతికాడు, ఆయన చివరికి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు. మన పిల్లలు రాత్రిపూట డెలివరీలు చేస్తూ ఎన్ని తప్పు తలుపులు కొడుతుంటారో మీకు తెలియంది కాదు.

దక్షిణాఫ్రికా పరుగు వీరుడు ఆస్కర్ పిస్టోరియస్ కేసు ఇంకా సూటిగా ఉంటుంది. 2013 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున మూసి ఉన్న టాయిలెట్ తలుపులోంచి నాలుగుసార్లు కాల్చాడు. లోపల దొంగ ఉన్నాడనుకున్నానన్నాడు. ఉన్నది అతని ప్రియురాలు. 2015లో అప్పీలు కోర్టు దాన్ని హత్యగానే తేల్చింది. తలుపు వెనక ఎవరున్నా, అంత చిన్న గదిలోకి నాలుగు తూటాలు కాలిస్తే మనిషి చస్తాడని అతనికి తెలుసు కదా అన్నది దాని తర్కం. తన మంచం పక్కన మనిషి ఉందో లేదో చేత్తో తడిమి చూసుంటే చాలు.

గోడల మాట కూడా చెప్పాలి. మనం ఇటుక గోడల ఇళ్ళలో పెరిగాం కాబట్టి గోడ అంటే అడ్డం అనుకుంటాం. ఇక్కడ లోపలి గోడ అంటే అటొకటి ఇటొకటి అరంగుళం షీట్‌రాక్ (జిప్సం పలక), మధ్యలో చాలావరకు గాలి. మామూలు 9 ఎంఎం పిస్టల్ తూటా అలాంటివి రెండు మూడు దాటుతుంది, తగిలాక విచ్చుకునే హాలో పాయింట్ తూటా కూడా దాటగలదు. మీ బెడ్‌రూమ్ తలుపులోంచి చూస్తే ఏ దిక్కున పిల్లల గది ఉందో, ఏ దిక్కున పక్కింటి కిటికీ ఉందో పగలు ఓసారి నిలబడి చూడండి. మా ఇంట్లో అలా చూస్తే, మెట్ల వైపు తప్ప ఇంకెటూ కాల్చే వీల్లేదని తేలింది.

మేం ఏర్పాటు చేసుకున్నది చెప్తాను. హాల్లో, మెట్ల మీద, బాత్రూం దారిలో మనిషి కదిలితే వెలిగే చిన్న లైట్లు పెట్టాం. ఖర్చు లెక్కలోదే కాదు. రాత్రి ఇంటికొచ్చేవాళ్ళెవరైనా గుమ్మంలోకి రాకముందే ఫోన్ చేయాలి. అలారం మోగితే అందరూ మా గదిలోకి రావాలి, వచ్చాక తలలు లెక్కపెడతాం. లెక్క సరిపోకపోతే బయట ఉన్నది మనవాళ్ళే అన్న లెక్కతోనే ముందు తెలుగులో అరుస్తాం, తర్వాత ఇంగ్లీషులో. లెక్క సరిపోతే తలుపు గడియ వేసి 911కి ఫోన్ చేసి లైన్‌లోనే ఉంటాం. నేను ఇల్లు వెతుక్కుంటూ కిందకి వెళ్ళను. వస్తువుల కోసం అసలు వెళ్ళను. పోలీసులు వచ్చేసరికి తుపాకీ చేతిలో ఉండకూడదు, ఎందుకంటే వాళ్ళకీ మనం చీకట్లో నిలబడ్డ తెలియని మనిషిమే.

సొరుగు వద్దు. నిద్రలోంచి లేచిన మొదటి నిమిషాల్లో బుర్ర సగమే పనిచేస్తుంది, అప్పుడు చేతికి ముందు తగలాల్సింది టార్చి. మంచానికో గోడకో బిగించిన, బటన్ల కోడ్‌తో తెరుచుకునే చిన్న సేఫ్ తీసుకోండి. ఆ నాలుగు సెకన్ల ఆలస్యం మంచిదే. అజాగ్రత్తగా వదిలిన లోడు చేసిన తుపాకీ 17 ఏళ్ళ లోపు పిల్లల చేతికి అందితే టెక్సస్‌లో అది విడిగా ఒక నేరం. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల సంగతీ ఉంది. నాన్‌ఇమిగ్రెంట్ వీసాలో ఉన్నవాళ్ళు, హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. కాబట్టి సేఫ్ కోడ్ వాళ్ళకి తెలియకూడదు.

బంగారం మాట. మనవాళ్ళ ఇళ్ళ మీద కన్నేసేవాళ్ళకి కావాల్సింది ఖాళీ ఇల్లు. గుడికో, ఫంక్షన్‌కో, ఇండియాకో వెళ్ళినప్పుడు వస్తారు. అప్పుడు మీ పిస్టల్ కూడా బంగారంతో పాటే పోతుంది. నగలు బ్యాంకు లాకర్‌లో పెట్టేయండి.

ఏ పిస్టల్ కొనాలి అని చివర్లో అడిగారు. ముందు టార్చి, సేఫ్, లో లైట్ క్లాసు. తర్వాత మీ దగ్గర్లో అద్దెకిచ్చే రేంజ్‌లో రెండు మూడు రకాల 9 ఎంఎంలు కాల్చి చూడండి. మీ చేతికీ, మీ ఆవిడ కూడా వాడతారంటే ఆవిడ చేతికీ కుదిరినదాన్నే తీసుకోండి.