భర్త స్పాన్సర్‌షిప్ రిఫ్యూజ్ అయిన ఒక చెల్లెకు జవాబు

ప్రశ్న: అక్కా, మాది నర్సంపేట. మా ఆయనది హన్మకొండ. నేను పీఆర్ (పర్మనెంట్ రెసిడెన్సీ) మీద కెనడాలోని బ్రాంప్టన్‌లో ఉద్యోగం చేస్తున్నాను. జ్యేష్ఠంలో పెళ్లయింది. ఆషాఢం రాగానే అమ్మ వాళ్లింటికి వచ్చాను, సెలవు అయిపోయి అటునుంచి అటే కెనడా వచ్చేశాను. ఆయనకు స్పాన్సర్‌షిప్ వేస్తే మా పెళ్లి నిజమైనదని నమ్మకం కలగలేదని రిఫ్యూజ్ చేశారు. పెళ్లయ్యాక కలిసి ఉన్నది చాలా తక్కువనీ, ఆయనకు ముందొకసారి స్టూడెంట్ వీసా రిఫ్యూజ్ అయిందనీ రాశారు. కొందరు ఫ్రెష్‌గా మళ్లీ వేయమంటున్నారు, కొందరు అప్పీల్ అంటున్నారు. ఇంట్లో వాళ్లతో మాట్లాడాలంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: చెల్లె, ముందు ఆ లెటర్ నీ చేతికి వచ్చిన తేదీ చూడు. అప్పీల్ నోటీసు ఇమిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కు, అంటే ఇలాంటి అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌కు, 30 రోజుల్లోపల అందాలి. పంపడం కాదు, అందడం లెక్క. మళ్లీ వేయాలా, అప్పీల్‌కే పోవాలా అనేది తర్వాత నిదానంగా ఆలోచించవచ్చు. నోటీసు వేసి వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు. గడువు దాటితే మాత్రం ఆలస్యానికి కారణం చెప్పుకుని బతిమాలుకోవాల్సి వస్తుంది, ఒప్పుకుంటారన్న గ్యారంటీ లేదు. నోటీసుకు ఫీజు కూడా లేదు. ఫారం నింపి, రిఫ్యూజల్ లెటర్ జతచేసి పంపితే చాలు.

అప్పీల్ వేసే హక్కు స్పాన్సర్‌గా నీది, ఆయనది కాదు. ఇది విదేశం నుంచి ఫ్యామిలీ క్లాస్‌లో (కుటుంబ సభ్యుల్ని పిలిపించుకునే కేటగిరీలో) వేసిన వాళ్లకే ఉంటుంది. భర్తో భార్యో కెనడాలోనే ఉండి ఇన్‌ల్యాండ్ పద్ధతిలో వేసుకున్నవాళ్లకు ఈ దారి లేదు, వాళ్లు ఫెడరల్ కోర్టుకే పోవాలి. ఇది చదివే వాళ్లలో అలాంటి వాళ్లుంటే ఈ తేడా మొదట్లోనే చూసుకోండి.

ఇక అసలు విషయం. మీ పెళ్లి మీద వాళ్లు వేసుకునే ప్రశ్నలు రెండు. ఇది నిజమైన కాపురమేనా? పెళ్లి చేసుకున్నది ముఖ్యంగా ఇమిగ్రేషన్ కోసమేనా? 2010 సెప్టెంబర్‌లో రూల్ మారినప్పటి నుంచి ఈ రెండింట్లో ఏ ఒక్కదానిలో తప్పినా రిఫ్యూజ్ చేయవచ్చు. మొదటి ప్రశ్న ఇప్పటి సంగతి అడుగుతుంది, రెండోది పెళ్లి జరిగిన రోజుల సంగతి. అప్పీల్‌లో వాళ్లు కేసును మొదటి నుంచి మళ్లీ చూస్తారు. ఆఫీసర్ ముందు పెట్టని కాగితాలు కూడా పెట్టవచ్చు, రిఫ్యూజల్ తర్వాత జరిగినవి కూడా చెప్పవచ్చు. అందుకే ఈ ఎదురుచూపు కాలాన్ని వృథా అనుకోవద్దు. ఇప్పుడు మీ ఇద్దరూ ఒకరి కష్టసుఖాల్లో ఒకరు ఎలా ఉంటున్నారో, అదే రేపు మీ సాక్ష్యం.

లెటర్‌లో ఆఫీసర్ రాసిన ఒక్కో వాక్యానికి ఒక్కో జవాబు తయారు చేయాలి. నీ కేసులో పెద్ద చిక్కు ఆషాఢం. కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఆషాఢంలో పుట్టింట్లో ఉంటుందని, అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదంటారని మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఫైల్ చూసే మనిషికి ఎలా తెలుస్తుంది? ఆ కంటికి పెళ్లయిన కొద్దిరోజులకే భార్యాభర్తలు విడిగా ఉన్నారన్నది ఒక్కటే కనబడుతుంది. కాబట్టి ఆ ఏడు ఆషాఢం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో పంచాంగం పేజీ పెట్టు, దానికి ఇంగ్లీష్ అనువాదం పెట్టు. ఈ ఆచారం మీ రెండిళ్లలో ఇంకెవరు పాటించారో, మీ అక్కో వదినో అప్పుడు ఎక్కడ ఉన్నారో మీ అత్తమ్మతో అఫిడవిట్‌లో రాయించు. నీ ఆఫీసు సెలవు ఎప్పటికి అయిపోయిందో చూపించే మెయిల్ పెట్టు. ఆ నెలలో రోజూ ఫోన్లో మాట్లాడుకున్న కాల్ హిస్టరీ ఉంటే అదీ పెట్టు.

రెండోది స్టూడెంట్ వీసా. ఆయన వీసా రిఫ్యూజ్ అయ్యాక సంబంధం కుదిరిందా, ముందే కుదిరిందా అన్నది వాళ్లు తప్పకుండా తవ్వుతారు. దాచేది ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. సంబంధం ఎవరు తెచ్చారు, పెళ్లిచూపులు ఎక్కడ జరిగాయి, వరపూజ ఎప్పుడు, లగ్నం ఎవరు పెట్టారు, ఫంక్షన్ హాల్ అడ్వాన్స్ ఎప్పుడు కట్టారు. పెళ్లి ఎందుకు చేసుకున్నారు అనే రెండో ప్రశ్నకు జవాబు ఈ పాత కాగితాల్లోనే ఉంటుంది. పెళ్లికార్డు, హాల్ రసీదు, నగల షాపు బిల్లు, ఒడిబియ్యం పోసినప్పటి ఫొటోలు అన్నీ వెతికి తీయండి. ఫొటోల్లో మీరిద్దరే కాదు, రెండు వైపుల పెద్దలూ కనబడాలి. ఎవరు ఎవరో కింద రాయాలి.

వాట్సాప్ చాట్ మొత్తం ప్రింట్ తీసి కట్టలు కట్టి పంపితే ఎవరూ చదవరు. నెలకు కొన్ని పేజీలు ఎంచు. జ్వరం వచ్చినప్పటివి, పోట్లాడుకున్నప్పటివి, ఇంటి అప్పు గురించి మాట్లాడుకున్నప్పటివి. పోట్లాటలు దాచాల్సిన పని లేదు, కాపురం అన్నాక ఉంటాయి. ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసినా అది తెలుగే కదా, దానికి కూడా అనువాదం, అనువదించిన వాళ్ల డిక్లరేషన్ కావాలి. ఈ ఒక్క విషయం చాలామందికి తట్టదు. అఫిడవిట్లు కూడా అంతే. నలుగురు చుట్టాలతో ఒకే మాటలు టైప్ చేయించి సంతకాలు పెట్టిస్తే వాటికి విలువ ఉండదు. ఎవరు కళ్లారా చూసింది వాళ్లు రాయాలి.

మన దగ్గర ఇంకో తిరకాసు ఉంది. నీ పాత మెమోల మీద వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. 2014లో తెలంగాణ వచ్చింది, 2016లో జిల్లాలు విడగొట్టారు, 2021లో వరంగల్ అర్బన్ పేరు హన్మకొండ అయింది, వరంగల్ రూరల్ కాస్తా వరంగల్ అయింది. ఇల్లు మారకుండానే ఆయన పాస్‌పోర్ట్‌లో ఒక జిల్లా, ఆధార్‌లో ఒక జిల్లా, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఒక జిల్లా ఉండవచ్చు. ఇవన్నీ ఒకే అడ్రస్ అని ఒక పేజీలో తేదీలతో రాసిపెట్టు. ఇంటిపేరు ఒకచోట పూర్తిగా, ఒకచోట పొడి అక్షరంగా ఉంటే అదీ అందులోనే రాయి.

అప్పీల్ వేశాక గవర్నమెంట్ వైపు నుంచి నీకు అప్పీల్ రికార్డ్ వస్తుంది. అందులో మీ ఫారాలు, ఆఫీసర్ నోట్స్ ఉంటాయి. ఇంటర్వ్యూ జరిగి ఉంటే ఆయన ఏం చెప్పాడో ఉంటుంది. దాన్ని నువ్వొక్కదానివే చదువుకుని లాయర్‌తో మాట్లాడేసి ఊరుకోవద్దు. ఆయనకు పంపు, ఇద్దరూ వీడియో కాల్‌లో లైన్ లైన్ చదవండి. నేను ఇక్కడ చూసిన కేసుల్లో ఎక్కువ దెబ్బ తగిలేది ఇక్కడే. స్పాన్సర్ అంతా తనే చూసుకుంటుంది, హన్మకొండలో ఉన్న మనిషికి 'నీకెందుకు టెన్షన్, నేనున్నా కదా' అని చెబుతుంది. ప్రేమతోనే అంటుంది. కానీ హియరింగ్‌లో ఆయన కూడా సాక్షి. నీ షిఫ్ట్ ఏంటి, నీ ఇంట్లో ఎవరుంటారు, వస్తే ఇద్దరూ ఎక్కడ ఉంటారు అని ఆయన్ని అడుగుతారు. బట్టీ పట్టించమని కాదు, బట్టీ పడితే ఇట్టే తెలిసిపోతుంది. రోజూ నిజంగా మాట్లాడుకుంటే బట్టీ అవసరమే రాదు.

కాగితాలు గట్టిగా ఉంటే పూర్తి హియరింగ్ దాకా పోకుండానే గవర్నమెంట్ వైపు లాయర్ ఒప్పుకోవడమూ ఉంది. హియరింగ్ ఉంటే ఇప్పుడు ఎక్కువగా వీడియోలోనే జరుగుతుంది. టొరంటోలో పొద్దున 9 అంటే హన్మకొండలో ఎండాకాలం సాయంత్రం 6:30, చలికాలం 7:30. ఇన్వర్టర్, మంచి నెట్ ఉన్న గది చూసి పెట్టమను. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ను ముందే అడుగు, దానికి డబ్బులు తీసుకోరు. ఇంగ్లీష్ వచ్చినా సరే, మనసులో మాట చెప్పాల్సిన చోట మన భాషే మంచిది.

లాయర్‌ను పెట్టుకుంటే మేలు. కన్సల్టెంట్ అయితే ఈ అప్పీల్ డివిజన్ ముందు వాదించడానికి ప్రత్యేక లైసెన్స్ ఉండాలి, వాళ్లకు లైసెన్స్ ఇచ్చే సంస్థ (దాన్నే కాలేజ్ అంటారు) రిజిస్టర్‌లో పేరు కొట్టి చూడు. కలిసి తిరిగినట్టు హోటల్ బిల్లులు పుట్టిస్తామనే బ్రోకర్ల మాట అసలు వినొద్దు. దొంగ కాగితం దొరికితే ఆయన మీద 5 ఏళ్ల నిషేధం పడవచ్చు, ఉన్న నిజమైన కేసు కూడా పోతుంది.

ఎంతకాలం అని అడుగుతావు. నెలలు పడుతుంది, ఏడాది దాటినా కంగారుపడొద్దు. సెలవు దొరికినప్పుడు వెళ్లు, వీలైతే బతుకమ్మకు వెళ్లి సద్దుల దాకా ఉండి రా. కానీ ఉద్యోగం మానేసి ఆయన దగ్గరే ఉండిపోతానని మాత్రం పోవద్దు. పీఆర్ మీద స్పాన్సర్ చేసేవాళ్లు కెనడాలో నివసిస్తూ ఉండాలి. సిటిజన్ అయితే సంగతి వేరు. ఆయన విజిటర్ వీసా వేసుకోవచ్చు, పీఆర్ కోరుకుంటున్నంత మాత్రాన విజిటర్‌గా రాకూడదని చట్టంలో లేదు. పాత రిఫ్యూజల్స్ అన్నీ రాయాలి, మళ్లీ కాదనే అవకాశమూ ఉంది. దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

ఇంట్లో వాళ్లకు చెప్పు చెల్లె. ఇవాళే చెప్పు. మీ అమ్మ, మీ అత్తమ్మ ఇద్దరూ లైన్లో ఉన్నప్పుడు నువ్వూ ఆయనా కలిసి చెప్పండి. దాచిన కొద్దీ అక్కడ కథలు పుడతాయి. 'అల్లుడికి వీసా ఇంకా రాలేదా' అని పెళ్లిళ్లలో అడిగే మాటకు ఆయన ఒక్కడే జవాబు చెప్పుకుంటున్నాడని నువ్వు గుర్తుపెట్టుకోవాలి. ఆడపిల్ల సంపాదన మీద పోతాడంట అనే మాటలు కూడా పడుతుంటాడు, నీకు చెప్పడు. ఆయన ఉద్యోగం మానొద్దు. రేపో మాపో పోతాం కదా అని ఖాళీగా కూర్చున్న వాళ్లు ఎంత కుంగిపోతారో నేను చూశాను. మనసు మరీ బరువైతే అక్కడ టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కు చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఇక్కడ తట్టుకోలేనంత కష్టంగా ఉంటే నీకు 988 హెల్ప్‌లైన్ ఉంది. పిల్లల్ని కంటే కేసు గట్టిపడుతుందని ఎవరో ఒకరు చెబుతారు. అది మీ ఇద్దరి నిర్ణయం, ఫైల్ కోసం తీసుకునేది కాదు.

గెలిస్తే మర్నాడే వీసా రాదు. ఫైల్ మళ్లీ ఇమిగ్రేషన్ ఆఫీసుకు పోతుంది, మెడికల్, పోలీస్ క్లియరెన్స్ గడువు దాటి ఉంటే మళ్లీ అడుగుతారు. ఓడిపోతే ఫెడరల్ కోర్టును అనుమతి అడగడానికి 15 రోజులే టైం, లేదంటే కొత్త సాక్ష్యాలతో కొత్త అప్లికేషన్. ఇవి తర్వాతి సంగతులు. ఈ వారం నువ్వు చేయాల్సింది మూడే: నోటీసు పంపి అందినట్టు రుజువు దాచుకో, రిఫ్యూజల్ లెటర్ కాపీ ఆయనకు పంపు, పెళ్లి వీడియో పూర్తిది ఎవరి దగ్గరుందో మీ అన్నతో కనుక్కో.