డాలస్ ప్రయాణానికి సిద్ధమవుతున్న బుజ్జికి

చిరంజీవి బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

అమెరికాలో, డాలస్‌లో చదువుకు సీటు వచ్చిందని మీ నాన్న చెప్పగానే కడుపు నిండిపోయింది. టికెట్ చూశాక మాత్రం గుండెలో గుబులు మొదలైంది.

ఆగస్టు 12 ఉదయం 4:15కి శంషాబాద్‌లో ఎక్కి, అదే రోజు సాయంత్రం 4:40కి డాలస్‌లో దిగుతావని ఉంది. పన్నెండున్నర గంటలే కదా అన్నావట. కాదమ్మా, టికెట్‌లో ఏ ఊరి టైం ఆ ఊరిదే వేస్తారు. ఆగస్టులో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. అది కలుపుకుంటే దాదాపు 23 గంటలు. దుబాయ్ దాకా సుమారు 2,550 కిలోమీటర్లు, 4 గంటలు. అక్కడ మూడు గంటలకు ఐదు నిమిషాలు తక్కువగా ఆగాలి. ఆ తర్వాత సుమారు 12,900 కిలోమీటర్లు, ఏకబిగిన 16 గంటలు. రెండు మూడు గంటలకోసారి లేచి నడువు, నీళ్ళు తాగు.

ఇక అసలు భయం తేదీ గురించి. మనకు తెల్లవారితేనే మర్నాడు, టికెట్‌కు రాత్రి 12 దాటితే మర్నాడు. 12 ఉదయం 4:15 అంటే నువ్వు ఇల్లు వదలాల్సింది 11 రాత్రి. ఈ ఒక్క పొరపాటుతో విమానాలు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. 12 రాత్రి సూట్‌కేసులతో వెళ్తే కౌంటర్‌లో నీ పేరే ఉండదు. మొదటి విమానం ఎక్కకపోతే మామూలుగా దుబాయ్ నుంచి వెళ్ళేదీ రద్దు చేస్తారు. అప్పటికప్పుడు కొత్త టికెట్ అంటే మీ నాన్న ఎక్కడ తెస్తాడు?

అందుకే గోడ క్యాలెండర్‌లో 11 మీద సున్నా చుట్టు. ప్రయాణ ముహూర్తం 11 రాత్రికే పెట్టించమను. కారు డ్రైవర్‌కు "11వ తేదీ, రాత్రి 8" అని మెసేజ్ పెట్టి, తిరిగి చెప్పించుకో. హనుమకొండ నుంచి శంషాబాద్‌కు మూడు, మూడున్నర గంటలు. టైరు పంచరైనా ఒంటిగంటకల్లా లోపల ఉంటావు. గంట ముందే కౌంటర్ మూసేస్తారు, గుర్తుంచుకో.

రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉన్నాయో లేదో చూడు. ఉంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పినా ఇంకోదాంట్లో పంపే బాధ్యత విమాన సంస్థది. వేరువేరైతే ఆ నష్టం నీదే.

గసగసాలు ఒక్క గింజ కూడా వద్దు. దుబాయ్ ఉన్న యూఏఈ దేశంలో అవి నిషేధం, విమానం మారేవాళ్ళనూ పట్టుకుంటారు. అమ్మ కట్టే మసాలా పొడుల్లో ఏమేం వేసిందో ఒక్కొక్కటీ అడుగు, మొహమాటపడకు. ఆవకాయ చెక్-ఇన్ సూట్‌కేసులోనే, మూతకు టేపు చుట్టి రెండు కవర్లలో. పవర్ బ్యాంకు మాత్రం చేతి సంచిలోనే. పాస్‌పోర్టు, కాలేజీ వాళ్ళు వీసా కోసం ఇచ్చిన ఐ-20 పత్రం, ఫీజు రసీదు కూడా అందులోనే పెట్టు, ఇమిగ్రేషన్ దగ్గర అడుగుతారు.

నవంబరు మొదటి ఆదివారం అమెరికావాళ్ళు గడియారం గంట వెనక్కి తిప్పుతారు. అప్పటి నుంచి తేడా పదకొండున్నర గంటలు. అమ్మకు ముందే చెప్పు, లేకపోతే ఫోన్ రాలేదని కంగారుపడుతుంది.

నువ్వు దిగేసరికి మాకు 13 తెల్లవారుజామున 3:10. నిద్ర పాడవుతుందని ఆగకు తల్లీ, వెంటనే ఫోన్ చెయ్యి. దీపం ఆర్పకుండా కూర్చునే ఉంటాం.

మీ అత్తయ్య