నాన్నకు చెవుడు వస్తోందా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. టీవీ సౌండ్ వీధి చివరికి వినిపిస్తుంది. అడిగితే "నాకు బాగానే వినబడుతోంది, మీరే గొణుగుతున్నారు" అంటారు. ఏం చేయాలి?

జవాబు: ఆయన అబద్ధం చెప్పడం లేదమ్మా. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందు సన్నని, కీచుమనే శబ్దాలు వినబడటం తగ్గుతుంది కాబట్టి మాట వినిపిస్తుంది గానీ స, ష లాంటి అక్షరాలు జారిపోయి, ముఖ్యంగా నలుగురూ మాట్లాడేచోట, అంతా గొణుగుడులాగే ఉంటుంది. ముందు ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి, ఒక్కోసారి గులిమి తీస్తే సరిపోతుంది (ఇంట్లో పిన్నీసుతో కెలకొద్దు, నూనె పోయొద్దు). తర్వాత ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష. హెడ్‌ఫోన్స్ పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా బటన్ నొక్కమంటారు, నొప్పేమీ ఉండదు. సుమారు 20 డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) లోపు శబ్దాలు వినబడితే మామూలే. ఒక చెవి ఉన్నట్టుండి వినబడకపోతే మాత్రం ఆ రోజే పరుగెత్తాలి.