ఇంట్లో బాల్ జాయింట్ మార్చుకోవచ్చు, కానీ ముందు అది పోయిందో లేదో మీ కళ్లతో చూడండి

ముందు చక్రం దగ్గర గతుకుల్లో టకటకమని చప్పుడొస్తోందని, బాల్ జాయింట్లు, అంటే చక్రాన్ని బండికి కలిపే, గిన్నెలో బంతి తిరిగే కీళ్లు, అరిగిపోయాయని చెప్పారని, వాటిని ఇంట్లోనే మార్చుకోవచ్చా అని మీరు అడిగారు. మార్చుకోవచ్చు. చేతికి గ్రీజు అంటితే కంగారుపడని మనిషి ఒక సెలవు రోజు దానికి వదిలేస్తే అయిపోయే పనే. కాకపోతే అలా చెప్పినవాళ్లు చక్రం లేపి, పట్టుకుని కదిలించి చెప్పారా, లేక బండి పక్కన నిలబడి చెవితో విని చెప్పారా అన్నది మీరు రాయలేదు. నా అనుమానం రెండోదే.

ఎందుకంటే ముందు వైపు చప్పుడు రాగానే బాల్ జాయింట్ అనేయడం ఒక జబ్బు. స్టెబిలైజర్ లింక్, అంటే మలుపుల్లో బండి ఒరగకుండా ఆపే బార్‌ని చక్రం వైపుకు కలిపే చిన్న రాడ్డు, అరిగినా అదే టకటక. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన స్తంభం) పైన మౌంట్ పోయినా, లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింద నుంచి బాడీకి కలిపే చెయ్యి) కీలులో ఉండే రబ్బరు బుష్ చిరిగినా, టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ చివరి కీలు) లూజైనా, ఆఖరికి బ్రేక్ కాలిపర్ పిన్నులు అరిగి లూజైనా అదే చప్పుడు. వీటిలో లింక్ మార్చడం అన్నిటికంటే తేలిక, చప్పుడు ఎక్కువ చేసేది కూడా అదే. గతుకుల రోడ్డు మీద నెమ్మదిగా పోతున్నప్పుడు చిన్నగా టకటకలాడుతుంటే పదింట తొమ్మిదిసార్లు అది లింకే అని నేను పందెం కాస్తాను. బాల్ జాయింట్ నిజంగా పోయినప్పుడు చప్పుడు కొంచెం బరువుగా, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెట్టు ఎక్కించినప్పుడో బ్రేకు కొట్టినప్పుడో ఒక్కసారి ‘టక్’మంటుంది. దాంతోపాటు బండి నేరుగా పోకుండా అటూ ఇటూ లాగుతుంటుంది, టైరు ఒక అంచు త్వరగా అరుగుతుంది.

చూసే పద్ధతి పెద్ద విద్యేం కాదు. వెనక చక్రాలకు అడ్డు పెట్టి, ముందు భాగం లేపి, స్టాండ్ల మీద కూర్చోబెట్టండి. టైరును పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. ఊపుతున్నప్పుడు ఇంకొకరు టార్చి వేసుకుని జాయింట్ దగ్గరే చూడాలి, ఇది ముఖ్యం. ఊగుతోందని తెలిస్తే చాలదు, ఎక్కడ ఊగుతోందో కనిపించాలి. తర్వాత లోపల కూర్చున్న మనిషిని బ్రేకు తొక్కి పట్టమనండి. ఆ ఊపు మాయమైతే అది వీల్ బేరింగ్, ఇంకా ఉంటే జాయింట్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. పక్కల నుంచి, అంటే గడియారంలో మూడు, తొమ్మిది ఉండే చోట్ల పట్టుకుని ఊపితే వచ్చే ప్లే, అంటే వదులు, ఎక్కువగా టై రాడ్ ఎండ్‌ది. ఇక ఆర్మ్‌కీ నకిల్‌కీ (చక్రం బిగించి ఉండే ఇనుప భాగం) మధ్య ఒక గడ్డపార లాంటిది పెట్టి మెల్లిగా ఎత్తి చూస్తే బాల్ జాయింట్ దాచుకోలేదు. కొన్ని బళ్లకు కొంచెం ప్లే ఉండొచ్చని తయారీదారే మాన్యువల్‌లో రాస్తాడు, అది చూసుకోండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. చాలా చిన్న కార్లలో స్ప్రింగు స్ట్రట్ మీదే ఉంటుంది, బండి బరువు ఆ దారిలోనే పైకి పోతుంది, కింద ఉన్న బాల్ జాయింట్ చక్రాన్ని దాని చోట పట్టి ఉంచుతుందంతే. వాటికి బాడీ కింద జాకీ పెట్టి లేపి చూస్తే సరిపోతుంది. పైనా కిందా రెండు ఆర్మ్‌లుండి, స్ప్రింగు కింది ఆర్మ్ మీద కూర్చున్న బళ్లలో మాత్రం బాడీని ఎంత లేపినా స్ప్రింగు ఆ ఆర్మ్‌ని కిందికి తోస్తూనే ఉంటుంది, జాయింట్ బిగుసుకుని ఏ ప్లే లేనట్టు నటిస్తుంది. అక్కడ జాకీ కింది ఆర్మ్‌కే, జాయింట్‌కి వీలైనంత దగ్గరగా పెట్టి చూడాలి. విప్పేటప్పుడు కూడా ఆ జాకీ తీయకూడదు, తీస్తే స్ప్రింగు ఎగిరిపడుతుంది. అలాంటి బండి మీదైతే మొదటిసారి చేసేవాళ్లు ఇంట్లో పెట్టుకోవద్దనే నా సలహా.

నాది స్ట్రట్ బండే. ఎడమవైపు జాయింట్‌లో ప్లే కళ్లకు కనబడేంత ఉంది. నా బండికి జాయింట్ విడిగా రాదు, లోయర్ ఆర్మ్‌తో కలిసే వస్తుంది, అందుకని ఆర్మ్ మొత్తం తెచ్చుకున్నాను. ముందురోజు రాత్రే బోల్టులన్నిటికీ వైర్ బ్రష్ కొట్టి, తుప్పు వదిలించే నూనె కొట్టి పెట్టాను. తెల్లారి సాయానికి మా బావమరిది వచ్చాడు. మనిషి మంచివాడే కానీ చేతికి సుత్తి దొరికితే ఆగడు.

చక్రం తీసి, ఆ తీసిన చక్రాన్నే సైడు కింద పడుకోబెట్టాం. స్టాండ్ జారినా బండి దాని మీద ఆగుతుంది. స్టాండ్లు లేకుండా ఇటుకలు పేర్చి పని చేసేవాళ్లను చూస్తే నాకు కడుపులో తిప్పుతుంది, ఇటుక పగిలే ముందు చెప్పి పగలదు.

ఈ రకంలో బాల్ జాయింట్ స్టడ్, అంటే బంతికి ఉండే కాడ, నకిల్ కింద రంధ్రంలోకి పోతుంది, ఆ రంధ్రానికి పక్కన చీలిక ఉంటుంది, ఒక అడ్డ బోల్టు ఆ చీలికను బిగించి స్టడ్‌ని పట్టుకుంటుంది. నట్టు బాగానే ఊడింది. బోల్టు కదల్లేదు. మావాడు మొదలుపెట్టాడు. ఠంగు, ఠంగు, ఠంగు. "బావా, ఇంకొక్క దెబ్బ వేస్తే వచ్చేస్తుంది" అంటాడు, వేస్తాడు, రాదు, మళ్లీ అదే మాట. "ఒరేయ్ ఆగరా, దాని మూతి అణిగిపోతే అప్పుడు బయటికి ఎలా వస్తుంది?" అని సుత్తి లాక్కుని, నట్టును మళ్లీ బోల్టు చివర వరకూ ఎక్కించాను. కొట్టాల్సి వచ్చినా దెబ్బ నట్టు మీద పడాలి, మరల మీద కాదు.

ఆ బోల్టు కొడితే ఎందుకు రాదో ఎవరూ చెప్పరు. స్టడ్‌కి నడుము దగ్గర ఒక గాడి ఉంటుంది, బోల్టు ఆ గాడిలోంచే పోతుంది. బోల్టు సగం తీసినా స్టడ్ కిందికి దిగదు. ఆర్మ్ ఎటైనా లాగుతుంటే స్టడ్ ఆ బోల్టు మీద వాలి నొక్కేస్తుంది. మా విషయంలో స్టెబిలైజర్ బార్ లాగుతోంది, ఎందుకంటే రెండో చక్రం ఇంకా నేల మీదే ఉంది. అటువైపు కూడా లేపి, లింక్ విప్పేసి, ఈ ఆర్మ్ కింద చిన్న జాకీ పెట్టి కొద్దికొద్దిగా ఎత్తుతూ దించుతూ చూశాను. ఒక చోట బరువు పోయింది. అప్పుడు బోల్టు తలకు స్పానర్ వేసి అటు కొంచెం, ఇటు కొంచెం తిప్పుతూ నూనె కొడుతూ పోతే, తుప్పు ఎర్రటి పొడిగా రాలింది, కీచుమంటూ తిరగడం మొదలైంది. తర్వాత మావాడి సుత్తితో పన్లేకుండానే మెలి తిప్పుతూ బయటికి లాగేశాం. చేతిలోకి తీసుకుని చూస్తే బోల్టు నడిమిభాగం తినేసినట్టు సన్నబడి ఉంది. అలాంటిదాన్ని మళ్లీ అదే చోట బిగించి పంపేవాళ్లున్నారు. కొత్త ఆర్మ్ కొంటున్నప్పుడే కొత్త బోల్టు, నట్టు కూడా అడగండి, దాంట్లో కక్కుర్తి పడొద్దు.

బోల్టు వచ్చాక చీలికలో చదునైన ఉలి పెట్టి ఒక చిన్న దెబ్బ, రంధ్రం వెంట్రుకంత విచ్చుకుంటుంది. ఎక్కువ కొడితే నకిల్ చెవి పగులుతుంది, అప్పుడు ఖర్చు ఎక్కడికో పోతుంది. ఆర్మ్ మీద పొడుగు పైపు వేసి కిందికి నొక్కితే స్టడ్ ఊడి ఆర్మ్ ధబ్‌మని దిగింది. ఆ క్షణంలో నకిల్‌ని బయటికి లాగకూడదు, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ లోపలి జాయింట్ విడిపోయే ప్రమాదం ఉంది. బ్రేకు గొట్టం, ఏబీఎస్ వైరు సాగకుండా కూడా చూసుకోవాలి.

పాత జాయింట్ చూడాలి మీరు. బయట నుంచి చూసినప్పుడు రబ్బరు బూట్, అంటే జాయింట్ తొడుగు, బాగానే ఉన్నట్టుంది, చిరుగు బ్రేక్ డిస్క్ వైపు, మనకు కనబడని పక్కన ఉంది. నొక్కితే గ్రీజుకు బదులు గోధుమరంగు బురద కారింది. స్టడ్‌ని వేలితో తోస్తే ఊడబోయే పాలపన్నులా అటూ ఇటూ ఊగింది. కొత్తదాన్ని మావాడు రెండు చేతులతో తిప్పబోతే కష్టంగా కదిలింది. బాల్ జాయింట్ చావు సాధారణంగా ఇలాగే ఉంటుంది, ముందు రబ్బరు చిరుగుతుంది, నీళ్లు, దుమ్ము లోపలికి పోతాయి, బంతి, గిన్నె ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకే చిరిగిన బూట్ చూసి "ఇంకా లూజు కాలేదుగా" అని వదిలేయొద్దు. చివరికి బంతి గిన్నెలోంచి ఊడిపోతే చక్రం పక్కకు వాలిపోతుంది, బండి రోడ్డు మీద కూలబడుతుంది.

మీ బండికి అడ్డ బోల్టు కాకుండా కోసుగా ఉండే స్టడ్, దాని మీద కిరీటం లాంటి నట్టు, స్ప్లిట్ పిన్ ఉంటే విప్పే తీరు వేరు. అందరూ చెప్పే ఫోర్క్, అంటే జాయింట్ సందులోకి సుత్తితో దిగ్గొట్టే రెండు పళ్ల పనిముట్టు, వాడొద్దు. అది బూట్‌ని చింపుతుంది, జాయింట్ పారేసేదే అయితే ఫర్వాలేదు కానీ, బాగున్న టై రాడ్ ఎండ్ మీద దాన్ని కొట్టి రెండో ఖర్చు తెచ్చుకున్నవాళ్లు బోలెడు. నట్టుని పూర్తిగా తీయకుండా నాలుగు మరలు ఉంచి, నకిల్‌లో స్టడ్ కూర్చున్న చోట పక్క నుంచి గట్టిగా ఒక దెబ్బ వేయండి. స్టడ్ మీద కాదు, దాన్ని పట్టుకున్న ఇనుము మీద. ఒక్కసారి ‘టప్’మని వదులుతుంది. దానికోసమే చేసిన పుల్లర్ దొరికితే ఇంకా మంచిది. బిగించేటప్పుడు ఆ కోసు భాగం శుభ్రంగా, పొడిగా ఉండాలి, గ్రీజు పూయకూడదు. పిన్ రంధ్రం ఎదురు రాకపోతే నట్టుని ఇంకొంచెం బిగించాలే తప్ప వెనక్కి వదలకూడదు.

ఆర్మ్‌లోకి నొక్కి దిగ్గొట్టే రకం కూడా ఉంది. దానికి సీ ఆకారం ప్రెస్ కావాలి. సుత్తితో దిగ్గొట్టే వీడియోలు చూసి మోసపోకండి, దెబ్బ మధ్యలో తగిలితే కొత్తది పుట్టుకతోనే పాడవుతుంది. నా అభిప్రాయం అడిగితే ఆర్మ్ మొత్తం దొరికే బండికి జాయింట్ ఒక్కటే మార్చడం దండగ. జాయింట్ పోయిన ఆర్మ్‌లో బుష్ బాగున్న సందర్భం నేనైతే ఇంతవరకూ చూడలేదు.

ఇక బిగింపు. నాకు ఎక్కువ ఒళ్లు మండే సంగతి ఇదే. ఆర్మ్ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. చక్రం వేలాడుతుండగా ఆ బోల్టులు బిగించేస్తే, బండి నేల మీదికి దిగగానే రబ్బరు మెలిపడుతుంది, ఆగి ఉన్నంతసేపూ మెలిపడే ఉంటుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. బిగింపు ఎప్పుడూ బండి మామూలుగా నిలబడే ఎత్తులోనే జరగాలి. నకిల్ కింద జాకీ పెట్టి, బాడీ స్టాండ్ మీంచి లేవబోయేంత వరకూ ఎత్తి, అప్పుడు బిగింపు బలం కొలిచే టార్క్ రెంచ్ వేయాలి. మాన్యువల్‌లో ఎంత రాస్తే అంత. తొందరలో ఉన్న వర్క్‌షాపులో లిఫ్ట్ మీద చక్రాలు వేలాడుతుండగానే ఎయిర్ గన్‌తో గర్రుమనిపించి దించేస్తారు. ఆర్నెల్లలో బుష్ చిరిగితే పార్టు నాసిరకం అంటారు. నేను ఇంట్లో చేసుకునేది డబ్బు మిగలడానికంటే దీనికోసమే, నన్ను తొందరపెట్టేవాడు ఇక్కడ ఎవడూ ఉండడు. మా బావమరిది తప్ప.

చక్రం నట్లు కొంచెం దూరం తిరిగాక ఒకసారి మళ్లీ బిగించి చూసుకోండి. తర్వాత అలైన్‌మెంట్, అంటే మెషిన్ మీద చక్రాల కోణాలు సరిచేయించడం, తప్పదు. ఆర్మ్ మారితే టో, అంటే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, మారుతుంది, స్టీరింగ్ ఒక పక్కకు తిరిగి కనిపించొచ్చు. టైరు అంచు అరుగుతోందని ముందు అలైన్‌మెంట్ చేయించి, ఆ తర్వాత జాయింట్ సంగతి చూద్దామనుకోవద్దు. లూజుగా ఊగే చక్రానికి మెషిన్ మీద ఏ అంకె పెట్టినా బండి రోడ్డెక్కగానే అది ఉండదు. బండిని ఎక్కించే ముందు చక్రాలు పట్టుకుని ఊపి చూశావా అని అక్కడివాణ్ని అడగండి. చూడలేదంటే మీరే కిందికి దిగి ఊపి, ఆ తర్వాతే మెషిన్ ఆన్ చేయనివ్వండి.