నడవగలిగినవారికి దివ్యాంగుల పార్కింగ్ పర్మిట్ ఇస్తారా?

ప్రశ్న: మేము అమెరికాలో ఉంటున్నాము. మా నాన్నగారికి 68 ఏళ్లు, చాలాకాలంగా సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉంది. ఇంట్లో బాగానే తిరుగుతారు కానీ, బయట యాభై అరవై అంగలు వేసేసరికి ఆయాసంతో ఆగిపోతారు. పోయినసారి ఊపిరి సామర్థ్యాన్ని కొలిచే స్పైరోమెట్రీ పరీక్షలో ఎఫ్ఈవీ1 (బలంగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికి వచ్చే గాలి) 1.2 లీటర్లు వచ్చింది. కూర్చుని ఉన్నప్పుడు ఆక్సిజన్ 94 శాతం చూపిస్తోంది. దివ్యాంగుల పార్కింగ్ పర్మిట్ వీల్‌చైర్ వాడేవారికే ఇస్తారని తెలిసినవారు అంటున్నారు. నాన్నగారేమో "నేను నడుస్తూనే ఉన్నానుగా, నాకెందుకు?" అంటున్నారు. మేము దరఖాస్తు చేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: నిరభ్యంతరంగా చేయవచ్చు. వీల్‌చైర్ ఉంటేనే పర్మిట్ అన్నది అపోహ. నడక ఎంతమేరకు దెబ్బతిన్నదన్నదే ఇక్కడ ప్రధానం.

అక్కడి ఫెడరల్ నిబంధనల ప్రకారం, ఆగి సేద తీరకుండా 200 అడుగులు, అంటే సుమారు 60 మీటర్లు, నడవలేనివారు అర్హులు. చేతికర్ర, క్రచెస్, కృత్రిమ అవయవం లేదా మరొక మనిషి ఆసరా లేనిదే నడవలేనివారు, వెంట ఆక్సిజన్ పరికరం తీసుకువెళ్లేవారు, కీళ్లు, ఎముకలు లేదా నరాల జబ్బుతో నడక తీవ్రంగా కుంటుపడినవారు కూడా అర్హులే. గుండె జబ్బు విషయంలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వర్గీకరణలోని మూడవ లేదా నాలుగవ తరగతిలో ఉండాలి. కూర్చుంటే బాగానే ఉండి, మామూలు కంటే తేలికైన పనికే ఆయాసం, అలసట వచ్చే స్థితి మూడవ తరగతి. ఊపిరితిత్తుల జబ్బుకు ఎఫ్ఈవీ1 ఒక లీటరు కంటే తక్కువగానైనా, విశ్రాంతిగా ఉన్నప్పుడు ధమని రక్తంలో ఆక్సిజన్ పీడనం (ఇది వేలి ఆక్సీమీటరు చూపే శాతం కాదు) 60 మి.మీ. పాదరసం కంటే తక్కువగానైనా ఉండాలి. కొన్ని రాష్ట్రాలు వీటికి అంధత్వం వంటి మరికొన్నింటిని చేర్చాయి కనుక, మీ రాష్ట్ర మోటారు వాహనాల శాఖ దరఖాస్తు ఫారాన్ని ఒకసారి పూర్తిగా చదవండి.

మీ నాన్నగారి ఎఫ్ఈవీ1 లీటరుకు పైనే ఉంది కాబట్టి, ఊపిరితిత్తుల నిబంధన కింద ఆ అంకె సరిపోదు. అయితే వీటిలో ఏ ఒక్కటి వర్తించినా చాలు. యాభై అరవై అంగలకే ఆగుతున్నారంటే 200 అడుగుల నిబంధన ఆయనకు వర్తించేటట్టే కనిపిస్తోంది. కుర్చీలో కూర్చోబెట్టి చూసిన 94 శాతాన్ని నమ్ముకోకండి. సీఓపీడీలో కూర్చున్నప్పుడు బాగున్న ఆక్సిజన్ నడిచేటప్పుడు గణనీయంగా పడిపోవచ్చు. వేలికి ఆక్సీమీటరు పెట్టి ఆరు నిమిషాలు నడిపించే పరీక్ష చేయమని మీ వైద్యుణ్ణి అడగండి. ఎక్కడ ఆగారో, ఆగినప్పుడు ఆక్సిజన్ ఎంత ఉందో అందులో నమోదవుతుంది. పర్మిట్ మాట ఎలా ఉన్నా, చికిత్సకు కూడా అది అవసరమైన సమాచారమే.

వైద్యుని దగ్గరకు ఆయనను ఒంటరిగా పంపవద్దు. ఇటువంటి పెద్దవారు చాలామంది ఆయాసపడుతున్నట్టు ఒప్పుకోరు. కారిడార్‌లో నడిపిస్తే మధ్యలో ఆగి, గోడమీది పోస్టరు చదువుతున్నట్టు నిలబడి, ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ కదులుతారు. "ఎంత దూరం నడవగలరు?" అని అడిగితే "ఎంతైనా" అంటారు. ఎక్కడెక్కడ, ఎన్ని అంగలకు ఆగుతున్నారో చూసినవారు మీరు కనుక, మీరే చెప్పాలి. ఉన్నది ఉన్నట్టే చెప్పండి. ఫారంలో సంతకం చేసే వైద్యుడు దానికి చట్టపరంగా బాధ్యుడు కాబట్టి, లేనిది రాయమని ఒత్తిడి చేయడం ఎవరికీ మంచిది కాదు.

పర్మిట్ వస్తే నడక మానేస్తారేమోనన్న భయం అక్కరలేదు. పార్కింగ్ స్థలంలో ఖర్చయ్యే ఊపిరి మిగిలితే లోపలికి వెళ్లాక ఆయన మరికొంత తిరగగలరు. నడక సామర్థ్యాన్ని పెంచడానికి పల్మనరీ రిహాబిలిటేషన్ (ఊపిరితిత్తుల రోగులకు ఇచ్చే వ్యాయామ, శ్వాస శిక్షణ) ఉంది. అది విడిగా తప్పక చేయించండి.

సీఓపీడీ పూర్తిగా నయమయ్యేది కాదు కనుక శాశ్వత పర్మిట్‌కే దరఖాస్తు చేయండి. కాలు విరిగినవారికి, మోకీలు మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే తాత్కాలిక పర్మిట్ గడువు సాధారణంగా ఆరు నెలలకు మించదు. శాశ్వతమన్నదాన్ని కూడా చాలా రాష్ట్రాలలో గడువుకు రెన్యువల్ చేయించాలి.

కారు నిలిపినప్పుడు పర్మిట్ కార్డును లోపలి అద్దానికి తగిలించి, నడిపేటప్పుడు తీసివేయాలి. అది కారుకు కాదు, మనిషికి ఇచ్చినది. నాన్నగారి మందుల కోసమే అయినా సరే, మీరొక్కరే వెళ్లినప్పుడు దివ్యాంగులకు కేటాయించిన స్థలంలో కారు పెడితే జరిమానా పడుతుంది.