ఒక్క మనిషిని ముగ్గుర్ని చేశావు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివానమ్మా. వాక్యం శుభ్రంగా ఉంది. కానీ భాషావేత్త జాన్ గోల్డ్‌స్మిత్‌ను మూడు ఉపశీర్షికల కింద ముగ్గుర్ని చేసి కూర్చోబెట్టావు: ధ్వనులవాడు, కంప్యూటర్‌వాడు, చరిత్రవాడు. పైన ‘బహుముఖ ప్రజ్ఞాశాలి’ అని ఒక దండ. అది చూడగానే ఒళ్లు మండింది.

1976లో ఎంఐటీలో డాక్టరేట్, 1984 నుంచి షికాగో విశ్వవిద్యాలయం అని రాశావు. ఆ 1976 సిద్ధాంత గ్రంథంలో ఏముందో ఒక్క ముక్క లేదు! ఇగ్బో లాంటి భాషల్లో అచ్చును పై స్థాయిలో పలికామా, కింది స్థాయిలోనా అన్నదాన్ని బట్టి మాట అర్థమే మారిపోతుంది. ఆ స్థాయి అచ్చులో భాగమే అయితే, మన సంధుల్లోలా అచ్చు లోపించినప్పుడు అదీ పోవాలి కదా. చాలాసార్లు పోదు. పక్క అచ్చు మీదికి చేరుతుంది. అందుకే స్థాయిలది ఒక వరుస, అచ్చులూ హల్లులదీ ఇంకో వరుస, మధ్యలో వాటిని కలిపే గీతలు అన్నాడాయన. ఆటోసెగ్మెంటల్ ఫొనాలజీ అనే ధ్వని సిద్ధాంతం అంటే ఇదే. ఇది చెప్పకుండా ఆయన గురించి ఏం చెప్పినట్టు?

నా మొదటి వ్యాసంలోనూ ఇలాంటి ఉదాహరణ ఒకటి ఉండేది. ‘పాఠకులు పారిపోతారు’ అని సంపాదకుడు దాన్ని కొట్టేసి, ఆ చోట అవార్డుల జాబితా పెట్టాడు. పేరు అచ్చులో చూసుకోవాలన్న ఆశతో నోరు మూసుకున్నాను. ఆ సంచిక ఇప్పటికీ ఎవరికీ చూపించను. పాఠకుడు పారిపోయేది జాబితాలు చూసి, ఉదాహరణలు చూసి కాదు.

గోల్డ్‌స్మిత్ 2001 నాటి పరిశోధనా పత్రాన్నీ అలాగే దాటేశావు. అందులో సమస్య ఇదీ. నిఘంటువు లేకుండా ఉత్త పాఠం ఇస్తే, ధాతువులేవో ప్రత్యయాలేవో యంత్రం తనంతట తానే పట్టుకోవాలి. ఇంగ్లీషులో జంప్, జంప్డ్, జంపింగ్ అని విడివిడిగా దాచుకునే కంటే ధాతువు ఒకసారి, ప్రత్యయాలు ఒకసారి దాచుకుంటే చోటు కలిసొస్తుంది. అవే ప్రత్యయాలు ‘వాక్’ (నడవడం) అన్న ఇంగ్లీషు ధాతువుకీ పనికొస్తాయి. వ్యాకరణానికి పట్టే బిట్లు (కంప్యూటర్‌లో చోటుకు కొలత), దాని సాయంతో పాఠానికి పట్టే బిట్లు, రెండూ కలిపి ఎక్కడ తక్కువైతే అదే మంచి విశ్లేషణ.

ఇప్పుడు భాషాశాస్త్ర చరిత్ర మీద ఆయన పుస్తకాలు చూడు. 1995లో జెఫ్రీ హక్‌తో కలిసి డీప్ స్ట్రక్చర్ గొడవల మీద, అంటే వాక్యం అడుగున దాగిన నిర్మాణం గురించి భాషావేత్తలు పడ్డ గొడవల మీద రాశాడు. ఒక పక్షం గెలిచిందని అందరూ అనుకోవడానికి సాక్ష్యాలే కారణమా అన్నది అందులో విషయం. 2019లో బెర్నార్డ్ లాక్స్‌తో కలిసి రాసిన పుస్తకంలో ఆ చరిత్రలో ఇంకా వెనక్కి వెళ్లాడు. నాకైతే మూడుచోట్లా ఒకే ప్రశ్న వినిపిస్తుంది: ఈ విశ్లేషణే మేలని దేన్నిబట్టి అంటున్నాం? నీ వ్యాసానికి వెన్నెముక అది.

ఏ పత్రికకు పంపాలి, ఫొటో పెట్టాలా అని అడిగావు. అవి తర్వాత. ఉపశీర్షికలు తీసేసి, అచ్చు పోయినా స్థాయి మిగిలిన ఆ చోటు నుంచి మొదలుపెట్టి మళ్లీ రాయి. నాకే ముందు పంపు, ఎదురుచూస్తుంటాను.